బొమ్మ లేని అట్టలోని ప్లేటు

పాట చెవికి సంబంధించిన సంగతని ఈ కాలం వాళ్ళు అనుకుంటారు. మేం బందరులో కుర్రాళ్ళుగా తిరిగిన ఆ అరవైల మొదట్లో పాట ముందు కంటికి దొరికేది. చెవికి ఎప్పుడు దొరుకుతుందో దేవుడికే తెలియాలి. రేడియో పెడితే సరిగ్గా పల్లవి దగ్గరే సముద్రం హోరులాంటిదేదో అడ్డం పడేది. గ్రామఫోను ప్లేట్లు అమ్మే దుకాణంలో అట్టల మీద బొమ్మలు చూడనిచ్చేవారు గానీ, కొనేవాళ్ళకి తప్ప వినిపించేవారు కాదు. అందుకని ఒక పాట విన్నవాడికి ఊళ్ళో ఎంత గౌరవమో, దాని అట్టని చేత్తో పట్టుకుని చూసినవాడికీ దాదాపు అంతే గౌరవం. అలాంటి ఊళ్ళో, రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన జరిగే మా ఇంట్లో, అమెరికా జాజ్ కొన్నాళ్ళు కాపురం ఉంది. దాన్ని మా ఇంటికి తీసుకొచ్చింది సంగీతం మీద అభిమానం కాదు. భోజనాల బల్ల.

బల్ల కావాలన్నది మా అక్క. తెచ్చే పని మా బావది. బావ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. దివిసీమలో నాగాయలంక అవతల ఒక పల్లె నుంచి మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. పిల్లలకి అరటిపండు వెయ్యడం నేర్పుతూ తను మాత్రం కిటికీలోంచి మబ్బులు చూసే రకం. ("మంచి అల్లుణ్ణి ఇమ్మని మోకాళ్ళ మీద అడిగాం. ఆయన చిత్రకారుణ్ణి పంపాడు" అనేవారు మా నాన్నగారు. ఫిర్యాదు బావ మీదో దేవుడి మీదో తెలిసేది కాదు.) మిషన్ బంగళాలో డాక్టరు దొరగారు ఉద్యోగం చాలించుకుని అమెరికా వెళ్ళిపోతూ ఇంటి సామాను అమ్మేస్తున్నారని తెలిసి, అక్క ఆ పొద్దున బావని గుమ్మం దాకా వచ్చి మరీ సాగనంపింది. "టేకు బల్లటండీ. నలుగురం కూర్చుని తినొచ్చు. అది తప్ప ఇంకేం చూడకండి." మధ్యాహ్నానికి గుమ్మం ముందు రిక్షా ఆగింది. రిక్షాలో బల్ల పట్టదన్న విషయం అక్క గడపలోనే గ్రహించింది.

"బల్లేదండీ?"

"బల్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ నీలం చూడు."

బావ ఒళ్ళో ఒక రికార్డు ప్లేయరు, కాళ్ళ దగ్గర అట్టపెట్టె నిండా పెద్ద పెద్ద ప్లేట్లు. పెట్టెలో ఉన్నది జాజ్ అని దొరసాని చెబితే తెలిసిందట. అదేమిటో బావకి తెలియదు, నాకూ తెలియదు. బావ కొన్నది అట్టల్ని. ఒకదాని మీద చీకట్లో నీలం పొగ, ఆ పొగలో ట్రంపెట్టు, దాన్ని పట్టుకున్న చెయ్యి, అంతే. మనిషి లేడు. ఇంకోదాని మీద ఎర్రటి నేల, దాని మీద నల్లటి అక్షరాలు తప్పతాగి మెట్లు దిగుతున్నట్టు ఉన్నాయి. మరోదాని మీద కళ్ళు గట్టిగా మూసుకుని శాక్సఫోను నోటికి ఆనించుకున్న ఒక నల్లజాతి పెద్దమనిషి, ఆయన నుదుటి మీద ఒక్క చెమట చుక్క, లోకంలో ఉన్న వెలుగంతా ఆ చుక్క మీదే. "అరటిపండుని అరటిపండులా ఎవడైనా వేస్తాడు బామ్మర్దీ. వీడు చూడు, వినిపించేదాన్ని వేశాడు" అన్నాడు బావ.

ముందు గది గోడకి మేకులు కొట్టి అట్టలన్నీ వరసగా తగిలించాడు. బావ స్నేహితుడు, పెడనలో కలంకారీ అద్దకం చేసే ఆయన, పనిగట్టుకుని వచ్చి ఆ నీలం ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి "నీలిమందు కాదండీ మాస్టారూ ఇది. ఉతికితే పోద్ది" అని తీర్పు చెప్పి వెళ్ళాడు. గూడూరు నుంచి వచ్చిన పెద్దమ్మ కళ్ళు మూసుకున్న శాక్సఫోను పెద్దమనిషిని చూసి చెంగు నెత్తిన కప్పుకుంది. "ఎంత తన్మయంగా ప్రార్థిస్తున్నాడమ్మా! ఏ దేశపు దైవసేవకుడు?" అని అడిగింది. బావ ఏమీ తడుముకోకుండా "అమెరికా అండీ" అన్నాడు. ఆ తర్వాత పెద్దమ్మ తన ప్రార్థనలో చాలాకాలం ఆయన్ని కూడా జ్ఞాపకం చేసుకునేది. (ఆయన అప్పుడు ఎక్కడ ఏ క్లబ్బులో వాయిస్తున్నాడో గానీ, ఆ ప్రార్థనల అవసరం మాత్రం ఉండే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.)

ఇక వినడం సంగతి. ప్లేయరు పక్కన చిన్న మీట ఉండేది. దాని చుట్టూ మూడు అంకెలు: ముప్పైమూడు, నలభైఅయిదు, డెబ్బైఎనిమిది. మీట ఆఖరి అంకె దగ్గర బిగుసుకుపోయి కదలనంది. మా ఊరి ఉప్పుగాలికి మనుషుల మోకాళ్ళే బిగుసుకుంటాయి, మీటని తప్పుపట్టేదేముంది? ఆ అంకెలు ఏమిటని అక్క అడిగితే బావ కాసేపు ఆలోచించి, శ్రోతల వయసులై ఉంటాయన్నాడు. "అయితే డెబ్బైఎనిమిది నాన్నగారి కోసమన్న మాట. ఆయనకింకా అంత రాలేదు, వచ్చాక పెట్టండి" అంది అక్క. ప్లేట్ల మీద కూడా ముప్పైమూడు అని అచ్చువేసి ఉంది. నేనప్పుడే ఒక దినపత్రికకి బందరు విలేకరిగా చేరాను. కనపడ్డదల్లా చదవడం, చదివినదాన్ని ప్రశ్నించడం నా వృత్తి. ఆ అంకెని ఎన్నోసార్లు చదివి, అది కంపెనీ వాళ్ళ వరస నంబరని నిర్ధారించినవాణ్ణి నేనే.

మొదటి ప్లేటు మోగగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దడదడమని డప్పు, దాని మీద కీచుకీచుమంటూ సన్నాయి లాంటిదేదో, కొంప తగలబడుతుంటే సామాను బయటికి విసురుతున్నంత హడావిడి. అట్ట మీద పొగలో తేలుతున్న ఆ నిదానమైన చేతికీ, ఈ పరుగుకీ ఎక్కడా పొత్తు కుదరలేదు. మామూలువాళ్ళయితే యంత్రాన్ని అనుమానించేవారు. మేం మమ్మల్ని అనుమానించుకున్నాం. గొప్ప కళ మొదటిసారే అర్థం కాదని బావ ఎక్కడో చదివాడు. మళ్ళీ విన్నాం. మళ్ళీ మళ్ళీ విన్నాం. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, కొన్నాళ్ళకి అది నిజంగానే బాగుండడం మొదలుపెట్టింది. ఏ కీచు తర్వాత ఏ కీచు వస్తుందో తెలిసిపోయి, సరిగ్గా అక్కడే ఇద్దరం "ఆఁ!" అనేవాళ్ళం. ఒక అట్ట మీద భారీ విగ్రహం గల గాయని ఉండేది. ప్లేటులో మాత్రం పలకా బలపం పట్టుకెళ్ళే పిల్లలా పలికేది. "శరీరాన్ని చూసి గొంతుని అంచనా వెయ్యకూడదు, అది అవమానించినట్టు" అని బావ నన్ను మందలించాడు. ఒక పక్కంతా అయిపోవడానికి కప్పులో కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టేది కాదు. ఆధునిక కళ క్లుప్తంగా ఉంటుందని దానికీ ఒక సమాధానం దొరికింది. అమెరికా నాగరికతలోని వేగం జాజ్‌లో ఎలా ప్రతిధ్వనిస్తున్నదో వివరిస్తూ నేను ఒక వ్యాసం రాసి ఆదివారం అనుబంధానికి పంపాను కూడా. అంత వేగంగా యూరియా కొరత మీద ఏదైనా రాయమని పత్రికాఫీసు డెస్కు నుంచి కబురొచ్చింది.

పెట్టె అడుగున ఉన్న ఒక ప్లేటుకి మాత్రం బొమ్మ లేదు. గోధుమరంగు కాగితపు సంచీ, నడుమ తెల్లటి చీటీ, దాని మీద ఒక్క అక్షరమైనా లేదు. అది మోగిస్తే మిగతావాటిలా వాద్యాల గుంపు లేదు. రెండే గొంతుకలు, రెండు చిన్న క్లారినెట్లలాగా. మొదటిది ఒక ముక్క పలుకుతుంది, రెండోది అదే ముక్కని కాస్త వంకరగా తిరిగి అంటుంది. మధ్యమధ్య "టక్" మని ఒక్క దెబ్బ. బావ ఆ ప్లేటుకి దాసుడైపోయాడు. "ఇది విడుదల చెయ్యని రికార్డింగు, బామ్మర్దీ. పెద్ద పెద్దవాళ్ళు స్టూడియోలో తమ కోసం తాము వాయించుకున్నది. బజారులో పెడితే జనానికి అర్థం కాదని పైకి రానివ్వలేదు. దొరగారికి ఎలా చిక్కిందో!" అనేవాడు. ఒకచోట రెండు క్లారినెట్లూ ఒకే ముక్క మీద పంతం పట్టేవి. అటు నుంచి ఒకటి, ఇటు నుంచి అదే, మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. అక్కడికి రాగానే బావ కుర్చీలో ముందుకి జరిగేవాడు. "విను. ఎవడూ తగ్గడు. ఇలాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేదు."

మా నాన్నగారి గురించి చెప్పాలి. మిషనరీలకి తెలుగు నేర్పిన మున్షీ ఆయన. ఓడ దిగి బందరుకి వచ్చిన దొరలు ఎందరో ఆయన బెత్తం చప్పుడుకి వల్లె వేసినవాళ్ళే. ఆ పని మానేశాక వరండాలో పడక కుర్చీ, పాత పంచాంగంలా నలిగిన బైబిలు, మధ్యాహ్నం ఒక కునుకు, ఇంతే ఆయన కోరికలు. ఆ కునుకు మీదికి జాజ్ వచ్చి పడింది. "అల్లుడుగారూ, ఆ కోడిపిల్లల్ని ఓసారి గంప కింద కప్పెట్టండి" అని మొదట్లో మర్యాదగానే అన్నారు. తర్వాత మర్యాద తగ్గింది. ఒకరోజు భోజనాల దగ్గర (నేల మీదే, పీటల మీద) కంచంలోంచి చెయ్యి తీసి అన్నారు. "ఈ ఇంట్లో ఆ పెట్టె అయినా ఉండాలి, నా నిద్రయినా ఉండాలి. అమ్మేసి పిల్లకి బల్ల కొనిపెట్టండి."

బావ అన్నం కలుపుతూ ఉండిపోయాడు. నాకప్పుడు తోచలేదు గానీ, ఇల్లరికపు మనిషికి ఎదురుచెప్పడం ఎంత కష్టమో తర్వాత అర్థమైంది. ఆ ఇంట్లో ప్రతి గుమ్మం, ప్రతి అల్మారా మా నాన్నగారివి. ముందు గది గోడకి అట్టల కోసం కొట్టిన ఆ మేకులు మాత్రమే బావవి. స్కూలు నుంచి వచ్చి ఆ గోడ ముందు కూర్చున్నప్పుడే ఆయన తన ఇంట్లో తను కూర్చున్నట్టు ఉండేవాడు. ఆ రాత్రే కాదు, ఆ వారమంతా ప్లేయరు పెట్టలేదు. చివరికి అక్కకే జాలేసింది కాబోలు, ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. గుడివాడలో ఆమె స్నేహితురాలి మావయ్య ఒకాయన ఉన్నాడు, కలకత్తా హోటళ్ళ బ్యాండుల్లో శాక్సఫోను వాయించి, పళ్ళు కదిలాక ఊరికి తిరిగొచ్చాడు. మేం ఆయన్ని కలకత్తా మావయ్య అనేవాళ్ళం. ఆయన వచ్చి విని, ఆ బొమ్మ లేని ప్లేటు నిజంగా గొప్ప జాజ్ అంటే పెట్టె ఇంట్లో ఉంటుంది. కాదంటే బయటికి వెళ్తుంది. నాన్నగారు "సాక్షి చెప్పాక మాట మార్చకూడదు" అన్నారు. బావ "మార్చనండి" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడివాడ రైల్లో దిగాడు కలకత్తా మావయ్య. ఆ ఎండలో కోటు, మెడకి సిల్కు రుమాలు, కోటు జేబులో దువ్వెన. వందనాలు చెప్పుకుని, అక్క పెట్టిన చేపల పులుసు మారు అడిగి తిని, గోడ మీది అట్టలన్నీ ఒక్కొక్కటీ చూస్తూ "వీణ్ణి చూశాను", "వీడికి నిప్పెట్టి ఇచ్చాను సిగరెట్టుకి" అంటూ (ఎంత నిజమో తెలియదు) కుర్చీలో ఆసీనుడయ్యాడు. నాన్నగారు వరండాలోంచి లేవలేదు గానీ, పడక కుర్చీని గుమ్మం వైపు తిప్పుకున్నారు. బావ చేతులు కడుక్కుని వచ్చి, ముందు శాక్సఫోను పెద్దమనిషి ప్లేటు పెట్టాడు.

మోగీ మోగకముందే కలకత్తా మావయ్య చెయ్యెత్తాడు. "ఆపండి బాబూ, ఆపండి. ఎవరండీ వీళ్ళని తరుముతోంది?"

"అదేనండీ జాజ్" అన్నాడు బావ, కొత్తవాడికి చెప్పినట్టు.

"కలకత్తాలో పెద్ద పెద్దవాళ్ళు భోంచేస్తుంటే పక్కన నిలబడి వాయించానండీ జాజ్. ఈ లెక్కన వాయిస్తే నా వేళ్ళు ఊడి వాళ్ళ పళ్ళేల్లో పడేవి. ఏదీ ఆ పెట్టె ఇటు తిప్పండి."

మీట చూశాడు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ మీట చూశాడు. "అమ్మాయ్, కాస్త కొబ్బరినూనె, ఒక అట్లకాడ తెచ్చిపెట్టు" అన్నాడు. యంత్రం విరిగిపోతుందన్న ఆశతో కాబోలు అక్క రెండూ పరుగున తెచ్చింది. నూనె ఇంకాక అట్లకాడ కొసతో ఒక్క పోటు పొడిచాడు. మీట కటుక్కుమని వెనక్కి వెళ్ళి ముప్పైమూడు దగ్గర నిలబడింది. "ఇవి ప్లేటు నిమిషానికి తిరిగే చుట్లండీ బాబూ, మీ ప్లేట్లు ముప్పైమూడువి" అన్నాడు. మళ్ళీ ముల్లు పెట్టాడు.

గదిలోకి ఎవరో కొత్త మనిషి వచ్చి కూర్చున్నట్టయింది. లావుపాటి, వెచ్చటి ఊపిరి. ఒక్కొక్క స్వరాన్ని బయటికి వదలాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు. గోడ మీద మూసిన కళ్ళు, ఆ చెమట చుక్క, అన్నీ ఒక్కసారిగా తమ పాట తాము వింటున్నట్టు కనిపించాయి. ఏడాది పైగా ఆ ప్లేటుని తిప్పిన మేము దాన్ని అప్పుడే మొదటిసారి విన్నాం. నాకు సిగ్గేసింది. బావ మొహం మాత్రం పాలిపోయింది.

"ఈయన కాదండీ" అన్నాడు మెల్లగా. "ఈయనెవరో ముసలాయన."

"ఈయనేనండీ మాస్టారూ. ఇన్నాళ్ళూ మీరు విన్నది ఈయన్ని కాదు."

తర్వాత భారీ విగ్రహం గాయనిని పెట్టారు. ఆ గొంతు నేలలోంచి వచ్చినట్టు లేచేసరికి అక్క వంటింట్లోంచి మసిగుడ్డతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "ఈవిడెవరండీ? ఇన్నాళ్ళూ ఎక్కడుంది?" అంది. ఇక మిగిలింది ఆ ఒక్క ప్లేటే. గోధుమరంగు సంచీలోంచి దాన్ని బావ మెల్లగా తీశాడు. ఇదొక్కటీ నిలబడితే చాలు, మిగతావన్నీ పోయినా ఫరవాలేదన్నట్టు నా వైపు చూశాడు. ముల్లు పెట్టాడు.

టక్.

"ఇది చెంబు" అంది ప్లేటు.

కాస్త ఆగి, మరో గొంతు, నాలుక మడతపడుతూ, "ఇధి ఛెంబు" అంది.

టక్. "చెంబులో నీళ్ళు ఉన్నాయి."

"ఛెంబులో నీలు ఉన్నాయి."

"నీళ్ళు."

"నీలు."

"నీళ్ళు."

"నీలు."

ఎవడూ తగ్గని చోటు అదే. కలకత్తా మావయ్య సిల్కు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను నేల చూపులు చూశాను. బావ ముల్లు వైపే చూస్తున్నాడు. వరండాలో పడక కుర్చీ కిర్రుమంది. నాన్నగారు కళ్ళజోడు చేతిలో పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"అది నేను కదూ?" అన్నారు.

నిజమే, ఆయనే. కానీ మా నాన్నగారు అంత ఓపిగ్గా మాట్లాడగా మేమెన్నడూ వినలేదు. మాకు ఎక్కాలు చెప్పినప్పుడు బెత్తం బల్ల మీద కాదు, మా మీద మోగేది. ఇక్కడ ఆ గొంతులో విసుగు లేదు. ఎన్నిసార్లయినా అదే ముక్కని అంతే మెత్తగా ముందు పెడుతోంది, పసివాడికి గోరుముద్ద పెట్టినట్టు. ఆయన నిలబడే విన్నారు. "బంగళాలో ఒక యంత్రం ముందు కూర్చోబెట్టారోయ్. కొత్తగా వచ్చే మిషనరీలు ఓడలోనే నేర్చుకోడానికి ప్లేట్లు చేయిస్తామన్నారు. తర్వాత కబురు లేదు. అడిగితే వద్దనుకున్నామన్నారు. నమూనాకి ఒకటి చేయించినట్టున్నారు, పాపం." ఎవరినీ ఉద్దేశించకుండా, "నా గొంతు బయటి నుంచి ఇలా ఉంటుందన్న మాట" అన్నారు. ప్లేటు అయిపోయి ముల్లు ఊరికే గీరుకుంటోంది.

కలకత్తా మావయ్య గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, సాక్ష్యం చెప్పడానికి పిలిచారు గనక చెప్పాలి. ఇది జాజ్ కాదు. విడుదల చెయ్యని రికార్డింగని మాస్టారు అన్నారు చూడండి, అది మాత్రం నిజం. ఇంతకంటే విడుదల కానిది నేను కలకత్తాలో కూడా చూళ్ళేదు."

తీర్పు తీర్పే. బావ మాట మీద నిలబడే మనిషి. లేచి ప్లేయరు తీగ గోడలోంచి పీకాడు. గోడ దగ్గరికి వెళ్ళి నీలం పొగ అట్టని మేకు మీద నుంచి దించాడు. దాని వెనక గోడ మీద చదరంగా సున్నం కొత్తగా తెల్లగా ఉంది. రెండో అట్ట మీద చెయ్యి వేశాడు. ఆపబోయి అక్క ఆగిపోయింది, ఆ బల్ల కావాలన్నది తనే గనక.

నాన్నగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "అదేంటండీ అల్లుడుగారూ, రెండో పక్క వినకుండానే సర్దేస్తారేంటి?"

రెండో పక్క విన్నాం. అందులో చెంబు లేదు, గొడుగు ఉంది. ఆ తర్వాత పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు. నీలం పొగ మళ్ళీ మేకెక్కింది. నాన్నగారు రోజూ కునుకు తీశాక తన ప్లేటు ఒకసారి పెట్టించుకుని, అందులోని దొర తప్పు పలికినచోటల్లా పడక కుర్చీ చెక్క మీద వేలితో కొట్టేవారు. పెట్టినవాళ్ళ మర్యాద కోసం అన్నట్టు ఆ పైన ఒక జాజ్ ప్లేటు కూడా వినేవారు. కొన్నాళ్ళకి శాక్సఫోను పెద్దమనిషి మీద ఆయనకొక అభిప్రాయం ఏర్పడింది. "ఇతను తొందరపడడు. వల్లె వేయించడం తెలిసినవాడు" అన్నారు. జాజ్ మీద అంతకంటే మంచి విమర్శ తర్వాత నేను ఏ పత్రికలోనూ చదవలేదు. బల్ల మాత్రం చాలా ఏళ్ళ దాకా రాలేదు.

బావా నేనూ మాత్రం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మీటని మళ్ళీ డెబ్బైఎనిమిదికి నెట్టేవాళ్ళం. తప్పని తెలుసు. కానీ మేం ముందు ప్రేమించింది దాన్నే కదా.

ఇప్పుడు అవే ఆల్బములు ఏ చిన్న పెట్టెలోనైనా గీత పడకుండా, సరైన వేగంతో మోగుతాయి. సాయంత్రాలు ఒక్కణ్ణే కూర్చుని వింటుంటాను. ఏం గొప్ప వాయిద్యం, ఏం నెమ్మది! కానీ నా లోపలి బందరు కుర్రాడికి ఆ నెమ్మది ఇవాళ్టికీ ఒంటబట్టలేదు. పాట మొదలవగానే వాడు దూకి, సందులన్నీ తిరిగి, ఆఖరి స్వరం దగ్గరికి చేరిపోతాడు. అక్కడ అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, ఆ మహానుభావులు తాపీగా నడుచుకుంటూ ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తూ ఉంటాడు. ఈ మధ్య వాడికి తోడుగా నేనూ వెళ్ళి కూర్చుంటున్నాను.